ఖర్చు ఎవరిదని అడిగే గడి

పై చదువుల దరఖాస్తు నింపుతున్నప్పుడు చివర్లో ఒక గడి ఎదురవుతుంది. అప్పటికి మార్కులు రాయడం అయిపోతుంది. చదివిన కాలేజీ పేరు, సిఫారసు ఉత్తరాలిచ్చే అధ్యాపకుల పేర్లు కూడా అయిపోతాయి. అప్పుడొస్తుంది ఆ ప్రశ్న. మీ చదువు ఖర్చు ఎవరు భరిస్తారు? బయటి నుంచి స్కాలర్‌షిప్ గానీ, ఫెలోషిప్ గానీ మీకు ఉందా? చాలామంది అక్కడ ఆగిపోతారు. కొందరు గడి ఖాళీగా వదిలేస్తారు. కొందరు ఉండి కూడా లేదని రాస్తారు. ఇంకొందరు రాని డబ్బును వచ్చినట్టే రాస్తారు. ఇవాళ ఆ ఒక్క గడి గురించే మాట్లాడుకుందాం. నేను చెప్పదలచుకున్నది చిన్న మాట. బయటి సాయం ఉంటే చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చెప్పాల్సిన చోట చెప్పాలి. ఈ మాటను ప్రసంగంలో మళ్ళీ మళ్ళీ వింటారు. ఎందుకంటే వినడానికి ఇంత తేలికగా ఉన్న ఈ మాట దగ్గరే మన పిల్లలు ఎక్కువగా తడబడుతున్నారు.

ఈ సంగతి అందరికీ వర్తించేదే. కానీ మన పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలకు మరింత దగ్గరది. 2016లో ఈ రెండు జిల్లాలనూ విడదీశారు. జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల ఒకవైపు ఏర్పడ్డాయి. నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ మరోవైపు ఏర్పడ్డాయి. జిల్లాల పేర్లు మారినా ఇళ్ళలో లెక్కలు అవే. ఒక ఇంట్లో తండ్రి సింగరేణి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఇంకో ఇంట్లో తల్లి బీడీలు చుడుతుంది. సిరిసిల్లలో మరమగ్గం మీద బతుకు. జగిత్యాల పక్క ఊళ్ళలో దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి వచ్చే పైసల మీద బతుకు. ఉట్నూరు, జైనూరు పక్క పత్తి చేను మీద, అడవి మీద బతుకు. ఇలాంటి ఇంటి నుంచి ఒక అమ్మాయి కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయంలో చదివి, పరిశోధన చేయాలనుకుంటుంది. ఒక అబ్బాయి బాసర ట్రిపుల్ ఐటీలో ఇంజినీరింగ్ ముగించి జర్మనీకో అమెరికాకో వెళ్ళాలనుకుంటాడు. ఆ రెండు సంస్థలూ 2008లో పుట్టినవే. అంటే చాలా ఇళ్ళలో పై చదువుల దరఖాస్తు చేతిలో పట్టుకున్న మొదటి తరం ఇదే. వాళ్ళకు బయటి సాయం అదనపు అలంకారం కాదు. అది లేకపోతే చదువే లేదు. కాబట్టి దాన్ని ఎలా చెప్పాలో తెలిసి ఉండటం వాళ్ళకు చాలా అవసరం.

ముందు ఆ సాయం ఏ రూపంలో ఉందో కొంచెం చూద్దాం. అన్నీ చెప్పబోవడం లేదు, రెండు మూడు చాలు. విదేశాలకు వెళ్ళేవారి కోసం మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ పేరిట ఓవర్సీస్ విద్యానిధి ఉంది. బీసీ విద్యార్థులకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట మరొకటి ఉంది. మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఈ పథకాల్లో 20 లక్షల రూపాయల వరకు సాయం వస్తుంది. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వేరు. దేశంలోనే పీహెచ్‌డీ చేసేవారికి యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది. మనమందరం జేఆర్‌ఎఫ్ అంటాం. 2023 జనవరి నుంచి అది నెలకు 37 వేల రూపాయలు. ఏటా 750 మంది గిరిజన విద్యార్థులకు ఇచ్చే జాతీయ ఫెలోషిప్ ఉంది. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. మనం చేరబోయే విశ్వవిద్యాలయం ఇచ్చే డబ్బు కాదు ఇది. బయటివాళ్ళు మనల్ని చూసి, మన పేరు మీద ఇచ్చే డబ్బు. అందుకే దీన్ని బయటి సాయం అంటున్నాం.

బయటి సాయంతో పై చదువుకు పోవడం కొత్త ఏర్పాటు కాదు. చరిత్రలో పెద్ద పేర్లు దీని మీదే నిలిచాయి. మన హైదరాబాద్ సంస్థానంలోనే చూడండి. 1895లో పదహారేళ్ళ సరోజినీ చటోపాధ్యాయ నిజాం ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్ళింది. ఆమే తర్వాత సరోజినీ నాయుడు. అదే ఖజానాకు మన ఊళ్ళ రైతులూ శిస్తు కట్టారు. కానీ ఆ రోజుల్లో ఆ స్కాలర్‌షిప్ నగరంలో, దర్బారుకు దగ్గరగా ఉన్న ఇళ్ళకే ఎక్కువగా అందేది. ఆదిలాబాద్ అడవుల్లో గోండు పిల్లలకు సొంత భాషలో బడి పెట్టాలన్న ఆలోచన 1940ల్లో గానీ రాలేదు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో ఉండి పనిచేసిన కాలం అది. అటువైపు కోస్తాకు చెందిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో హార్వర్డ్‌కు వెళ్ళారు. కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామన్నది. మామగారు డబ్బు సమకూర్చారు. అది కూడా చాలక అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పని చేసుకుంటూ చదివారు. ఇక అన్నిటికంటే పెద్ద ఉదాహరణ అంబేద్కర్. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆయనకు స్కాలర్‌షిప్ ఇచ్చారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళ పాటు. దానికి ఒక షరతు కూడా ఉంది. చదువు ముగిశాక పదేళ్ళు బరోడాలో కొలువు చేయాలి. ఆ ఒప్పందంతోనే ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టారు.

అంబేద్కర్ కథలో మనకు పనికొచ్చే భాగం ఆ తర్వాతిది. స్కాలర్‌షిప్ వచ్చింది, చదివారు, గొప్పవారయ్యారు అని మనం ఒక్క వాక్యంలో ముగించేస్తాం. అసలు జరిగింది అది కాదు. 1916లో ఆయన లండన్ వెళ్ళి అక్కడ పై చదువు మొదలుపెట్టారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చదువు మధ్యలో ఉంది. వెనక్కి రావాల్సి వచ్చింది. తిరిగి లండన్ చేరడానికి 1920 దాకా పట్టింది. ఈసారి డబ్బు ఒక చోటి నుంచి రాలేదు. బొంబాయి కాలేజీలో పాఠాలు చెప్పి దాచుకున్నది కొంత. కొల్హాపూర్ శాహూ మహారాజు ఇచ్చింది కొంత. నావల్ భటేనా అనే పార్సీ స్నేహితుడు ఇచ్చిన అప్పు కొంత. అలా కూడబెట్టుకుని వెళ్ళి 1923లో డీఎస్సీ పట్టా తీసుకున్నారు. బయటి సాయం అనగానే అడగాల్సిన ప్రశ్నలన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరు ఇస్తున్నారు? ఎంత ఇస్తున్నారు? ఎంత కాలం ఇస్తారు? ఏ షరతు మీద ఇస్తున్నారు? అది చాలకపోతే మిగతాది ఎక్కడి నుంచి వస్తుంది? అంబేద్కర్ అంతటి విద్యార్థికి కూడా మూడో ప్రశ్న మూడేళ్ళ విరామం తెచ్చిపెట్టింది. మన దరఖాస్తులో ఆ గడి అడుగుతున్నది కూడా ఈ ప్రశ్నలే.

ఇప్పుడు బల్లకు అవతలి వైపు నుంచి చూద్దాం. మీ దరఖాస్తు చదివే ప్రొఫెసర్ మనసులో రెండు ప్రశ్నలుంటాయి. ఒకటి, ఈ విద్యార్థి ఈ పని చేయగలడా? రెండు, ఇతని ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? మొదటిదానికి మీ మార్కులు, మీరు చేసిన ప్రాజెక్టు, మీరు రాసిన వ్యాసం, మీ అధ్యాపకుల ఉత్తరాలు జవాబు చెబుతాయి. రెండోదానికి జవాబు చెప్పేది బయటి సాయం. సైన్సు, ఇంజినీరింగ్ విభాగాల్లో ఈ రెండో ప్రశ్న బరువైనది. అమెరికాలో ఒక ప్రొఫెసర్ పీహెచ్‌డీ విద్యార్థిని తీసుకుంటే ఐదేళ్ళ పాటు తన ప్రాజెక్టు నిధుల నుంచి, లేదా డిపార్ట్‌మెంట్ బోధన నిధుల నుంచి జీతం చూపించాలి. నచ్చిన విద్యార్థులు నలుగురుంటే పైసలు ఇద్దరికే ఉంటాయి. అలాంటప్పుడు మూడో విద్యార్థి తన ఫెలోషిప్ తానే తెచ్చుకుంటున్నాడని తెలిస్తే తలుపు కొంచెం తెరుచుకుంటుంది. మన దేశంలో ఇది దాచిన సంగతి కూడా కాదు. ఐఐటీ బొంబాయి పీహెచ్‌డీ ప్రవేశాల్లో ప్రభుత్వ ఫెలోషిప్ ఉన్నవారికి వేరే విభాగమే ఉంది. 2024 నుంచి యూజీసీ నెట్ ఫలితాలను కూడా పీహెచ్‌డీ ప్రవేశాలకు వాడుతున్నారు. అందులో జేఆర్‌ఎఫ్ వచ్చినవారు ఒక వరుస, రానివారు మరో వరుస. అంటే బయటి సాయం గురించి చెప్పడం సిఫారసు చేయించుకోవడం లాంటిది కాదు. వ్యవస్థే అడుగుతోంది. అడిగినదానికి జవాబివ్వడం మన పని.

ఇంకో సంగతి ఉంది. పోటీ పడి తెచ్చుకున్న ఫెలోషిప్ మొదటి ప్రశ్నకు కూడా కొంత జవాబు చెబుతుంది. మిమ్మల్ని ఎరగని మనుషులు, మీ మేలు కోరాల్సిన అవసరం లేని మనుషులు, వందల మందిలోంచి మిమ్మల్ని ఏరారు. అది మీ గురించి ఒక సాక్ష్యం. అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ప్రతి స్కాలర్‌షిప్పూ ఇలాంటి సాక్ష్యం కాదు. అర్హత ఉన్న అందరికీ వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీ చదువును నిలబెట్టింది, నిజమే. కానీ అది పోటీలో గెలిచినది కాదు. దాన్ని బహుమతుల జాబితాలో రాస్తే, తెలిసినవాళ్ళకు మిగతా జాబితా మీద కూడా అనుమానం వస్తుంది. జేఆర్‌ఎఫ్ రాయండి. జాతీయ ఫెలోషిప్ రాయండి. ఎంపిక జరిగిన ప్రతిదీ రాయండి. రీయింబర్స్‌మెంట్‌ను మాత్రం ఆ వరుసలో పెట్టకండి.

ఇక్కడే ఒక పెద్ద అభ్యంతరం వినిపిస్తుంది. డబ్బు తెచ్చుకున్నవాడికి సీటు ఇస్తే చదువును కొన్నట్టు కాదా? పేద పిల్లకు అన్యాయం కాదా? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయలేం. మనసున్నవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. కానీ ఇక్కడ రెండు వేరు వేరు విషయాలు కలిసిపోతున్నాయి. తండ్రి బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బు వేరు. విద్యార్థి ఎంపికై తెచ్చుకున్న ఫెలోషిప్ వేరు. మొదటిది పుట్టుకతో వచ్చింది. రెండోది చదువుతో వచ్చింది. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధికి కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. బీసీ పథకానికీ ఉంది. అంటే ఆ డబ్బు పేదింటికే వస్తుంది. ఇక సీటు కొనడం సంగతి. మన దేశంలో ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మంది పీహెచ్‌డీ విద్యార్థులకు మించి గైడ్‌గా ఉండకూడదు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు ఆరుగురు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నలుగురు. ఇది 2022 యూజీసీ నిబంధన. ఎనిమిది కుర్చీల్లో ఒకటి మీకిస్తే ఆ గైడ్ ఐదేళ్ళ సమయం మీకిచ్చినట్టు. జేఆర్‌ఎఫ్ ఆ సమయాన్ని కొనలేదు. పనికిరాని విద్యార్థికి ఫెలోషిప్ ఉన్నా గైడ్‌కు నష్టమే. అందుకే బయటి సాయం రెండో ప్రశ్నను తేలిక చేస్తుంది తప్ప మొదటి ప్రశ్నను మాయం చేయదు. ఈ మాట మరోసారి చెబుతాను. డబ్బు ఖర్చు సంగతి తేలుస్తుంది. చదవగలడా లేదా అన్నది మీ పనే తేల్చాలి.

ఇక అసలు చిక్కు దగ్గరకు వద్దాం. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సాయం అనేది మూడు స్థితుల్లో ఉంటుంది. మంజూరు పత్రం చేతికి రావడం ఒకటి. దరఖాస్తు పెట్టి ఎదురుచూడటం రెండు. అర్హత ఉంది, ఇంకా పెట్టలేదు, ఇది మూడు. చేతికొచ్చింది, అడిగాం, అర్హత ఉంది. ఈ మూడూ వేరు. ఇంటి మాటల్లో మనం మూడింటినీ ఒకటే చేస్తాం. మా పిల్లకు స్కాలర్‌షిప్ ఉంది అంటాం. దరఖాస్తులో అలా రాస్తే కుదరదు. మన రాష్ట్ర విద్యానిధి సంగతే తీసుకోండి. దానికి పెట్టుకోవాలంటే ముందు విదేశీ విశ్వవిద్యాలయం నుంచి అడ్మిషన్ పత్రం ఉండాలి. అంటే అడ్మిషన్ కోసం దరఖాస్తు పెట్టే రోజుకు విద్యానిధి ఎవరి చేతిలోనూ ఉండదు. ఉండే వీలే లేదు. అప్పుడేం రాయాలి? లేదని రాస్తే ఉన్న అవకాశాన్ని దాచినట్టు. ఉందని రాస్తే అబద్ధం. మూడో దారి ఉంది. అది నిజం కూడా. తెలంగాణ ప్రభుత్వం విదేశీ చదువులకు ఇంత వరకు సాయం చేసే పథకం నడుపుతోంది, అడ్మిషన్ రాగానే దానికి దరఖాస్తు చేస్తాను, అర్హతలు నాకున్నాయి. ఇంతే. మూడు చిన్న ముక్కలు. చదివేవారికి పథకం తెలుస్తుంది, స్థితి తెలుస్తుంది, మీ నిజాయితీ తెలుస్తుంది.

ఈ జాగ్రత్త ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. ఇది 2025 నాటిది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసింది. ఎంపిక అయిందంటే ఇంట్లో పండగే కదా. కానీ జూలైలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలు ఇచ్చారు. మిగిలినవారికి నిధులు సమకూరాక ఇస్తామన్నారు. అవతల విశ్వవిద్యాలయాల్లో తరగతులు మొదలయ్యే నెలలు ముంచుకొస్తున్నాయి. ఆ పిల్లలు ఏ తప్పూ చేయలేదు. పోటీలో గెలిచారు. అయినా ఎంపికకూ డబ్బుకూ మధ్య ఇంత దూరం ఉండొచ్చు. మన రాష్ట్ర పథకాల్లో కూడా డబ్బు ఒక్కసారిగా రాదు. అక్కడికి చేరాక ఒక విడత, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక ఇంకో విడత. అంటే విమానం ఎక్కే రోజుకు కావాల్సిన పైసలు వేరే చూసుకోవాలి. కాబట్టి మీరు దరఖాస్తులో రాసే మాట విశ్వవిద్యాలయం కోసమే కాదు, మీ ఇంటి కోసం కూడా. ఉన్నది ఉన్నట్టు రాసుకున్నవాళ్ళకు ఎంత తక్కువ పడుతుందో ముందే తెలుస్తుంది. ఎకరం భూమి కుదువ పెట్టాలా, బ్యాంకు అప్పు తీసుకోవాలా, ఒక ఏడాది ఆగాలా అని ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. వచ్చేసిందని రాసుకుని, అదే నమ్మి, విమానం ఎక్కాక తెలుసుకుంటే ఆ బరువు ఇక్కడి తల్లిదండ్రుల మీద పడుతుంది.

షరతుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రతి డబ్బుకూ ఒక హద్దు ఉంటుంది. జేఆర్‌ఎఫ్ మన దేశంలోని సంస్థల్లో చదవడానికి. దాన్ని చూపించి జర్మనీ ప్రొఫెసర్‌కు నా ఖర్చు నాదే అని రాస్తే ఆ మాట నిలబడదు. పోటీలో నెగ్గిన గుర్తుగా అయితే రాసుకోవచ్చు. ఖర్చు భరించే ఆధారంగా రాయకూడదు. కేంద్రం ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో ఒక మార్పు వచ్చింది. భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద విదేశాల్లో పరిశోధన చేసేవారికి ఇకపై ఇవ్వబోమన్నారు. ఆ నిర్ణయం సరైనది కాదని నా అభిప్రాయం. తన ఊరి చరిత్రను ప్రపంచంలో ఏ గ్రంథాలయంలోనైనా కూర్చుని చదువుకునే హక్కు మన పిల్లలకు ఉండాలి. కానీ అభిప్రాయం వేరు, దరఖాస్తు వేరు. నిబంధన అలా ఉన్నప్పుడు, సామాజిక చరిత్ర చదవబోయే విద్యార్థి ఆ స్కాలర్‌షిప్ పేరు రాస్తే అవతలివారు దాని మీద లెక్క వేసుకుంటారు. తర్వాత ఆ లెక్క తప్పుతుంది. అందుకే పథకం పేరు వినగానే రాసేయకండి. నిబంధనల పత్రం చివరి పేజీ దాకా చదివి రాయండి.

సరే, ఎక్కడ రాయాలి? చాలామంది తమ ఉద్దేశాన్ని చెప్పే వ్యాసం, అదే ఎస్ఓపీ, దాని మొదటి పేరాలోనే డబ్బు సంగతి ఎత్తుతారు. పేదరికంతో మొదలుపెట్టి స్కాలర్‌షిప్‌తో ముగిస్తారు. మధ్యలో చదువు గురించి నాలుగు వాక్యాలుంటాయి. ఆ వ్యాసం మీ ప్రశ్న గురించి ఉండాలి. గోదావరి ఒడ్డున ఇసుక తవ్వకం వల్ల బావుల్లో నీళ్ళు ఏమవుతున్నాయో చదవాలనుకుంటే దాని గురించి రాయండి. మరమగ్గం మోటార్లు కరెంటు తక్కువ తాగేలా చేయడం ఎలాగో చదవాలనుకుంటే దాని గురించి రాయండి. డబ్బు సంగతికి చివర్లో ఒకటి రెండు వాక్యాలు చాలు. ఫారంలో అడిగిన గడిలో పూర్తిగా రాయండి. రెజ్యూమెలో పోటీ ఫెలోషిప్ పేరు, వచ్చిన సంవత్సరం రాయండి. ప్రొఫెసర్‌కు ముందుగా ఈమెయిల్ రాస్తే, మొదట ఆయన పనిలో మీరు ఏం చదివారో చెప్పండి, మీరేం చేయాలనుకుంటున్నారో చెప్పండి, ఆ తర్వాత ఒక్క వాక్యంలో మీ ఫెలోషిప్ చెప్పండి. బ్యాంకు కాగితాలు మాత్రం అడగకముందే జత చేయకండి. అమెరికాలో ఒక ఏడాది ఖర్చుకు ఆధారం చూపించమనేది అడ్మిషన్ ఖాయమయ్యాక, వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం ఇచ్చేముందు. ఆ పత్రం చూసే కార్యాలయం వేరు, మీ వ్యాసం చదివే ప్రొఫెసర్లు వేరు. కొన్ని కన్సల్టెన్సీలు ఈ రెండింటినీ కలిపేసి, నాలుగు రోజుల కోసం ఎవరివో పైసలు ఖాతాలో వేయించి చూపిస్తాయి. అది మోసం. పట్టుబడితే పోయేది ఆ కన్సల్టెన్సీ పరువు కాదు, మీ వీసా.

ఇంకో భయం ఉంది. సాయం ఉందని చెబితే డిపార్ట్‌మెంట్ ఇవ్వాల్సిన అసిస్టెంట్‌షిప్ ఇవ్వదేమో! ఈ భయంలో కొంత నిజం ఉంది. కొన్ని చోట్ల బయటి ఫెలోషిప్ చూసి తమ వాటా తగ్గిస్తారు. కానీ దాచడం మందు కాదు. చాలా ఫెలోషిప్‌లు ఒకేసారి రెండో ఫెలోషిప్ తీసుకోవద్దని నిబంధన పెడతాయి. జేఆర్‌ఎఫ్ కూడా అంతే. ఇవాళ దాచింది రేపు రెండు చోట్లా బయటపడుతుంది. దాని బదులు లోటును చెప్పండి. నాకు ఇంత వస్తుంది, ఇంత కాలం వస్తుంది, మీ కోర్సు ఖర్చుకు ఇంత తక్కువ పడుతుంది, ఆ మేరకు సాయం అడుగుతున్నాను. 20 లక్షల రూపాయలు మన ఊళ్ళో పెద్ద మొత్తం. అమెరికాలో రెండేళ్ళ మాస్టర్స్‌కు చాలా విశ్వవిద్యాలయాల్లో అది సగం ఖర్చు కూడా కాదు. ఈ లెక్క అవతలివారికి తెలుసు. మీరు కూడా తెలిసి అడుగుతున్నారని వాళ్ళకు అర్థమవుతుంది.

చివరిగా, పైకి చెప్పుకోని అభ్యంతరం ఒకటుంది. పథకం పేరులో అంబేద్కర్ ఉంటుంది. గిరిజన శాఖ పేరు ఉంటుంది. ఫూలే పేరు ఉంటుంది. రాస్తే కులం తెలిసిపోతుంది. చదివేవాడు తక్కువ చేస్తాడేమో, కోటా అనుకుంటాడేమో. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. మన విద్యాసంస్థల్లో అలా చూసే కళ్ళు ఉన్నాయి. అందుకే సిగ్గుపడకు అని ఎవరికైనా చెప్పడం నాకు తేలిక మాటగా అనిపించదు. నేను చెప్పేది వేరు. దాచడం వల్ల నష్టం ఎవరికో లెక్క వేయండి. గెలిచిన ఫెలోషిప్ రాయకపోతే మీ పోటీదారుడి కాగితం మీ కాగితం కంటే బరువుగా కనిపిస్తుంది. తక్కువ చేసి చూసే మనిషికి అది లాభం, మీకు నష్టం. అంబేద్కర్ చదివిన కొలంబియాలో ఇవాళ ఆయన విగ్రహం ఉంది. బరోడా స్కాలర్‌షిప్ వల్ల చదివారన్నది ఆయన జీవిత చరిత్రల్లో ఎవరూ దాచలేదు, ఆయనా దాచలేదు. ఇష్టం లేనివారు కులాన్ని గురించి వ్యాసంలో ఒక్క ముక్క కూడా రాయనక్కర్లేదు. అది పూర్తిగా మీ ఇష్టం. ఫెలోషిప్ పేరు, సంవత్సరం, కాలం మాత్రం రాయండి.

శ్రోతల్లో ఉపాధ్యాయులుంటే వారికొక మనవి. గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు ఏడాదికి ఇరవై. అందులో మూడు మరీ వెనుకబడిన ఆదిమ తెగలకే కేటాయించారు. మన దగ్గర కొలాములు, తోటీలు ఆ తెగలవారే. ఉట్నూరులో, జైనూరులో, తిర్యాణిలో, నార్నూరులో పాఠాలు చెప్పే అధ్యాపకులారా, మీ తరగతిలో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న కొలాం అమ్మాయికి, తోటి అబ్బాయికి ఈ వారంలోనే ఈ సంగతి చెప్పండి. దరఖాస్తు ఎలా నింపాలో పక్కన కూర్చుని చూపించండి. ఆ ఖర్చు గడి ఖాళీగా వదలనివ్వకండి.